గ్రహణం పూట సూదిమందు

మా పక్కింటి హేమశ్రీ శ్రీమంతంలో, నలుగురూ చూస్తుండగా, మా చెల్లెలు సంపూర్ణమ్మ తన కోడలు వెంకటదుర్గ చేతిలోంచి గాజుల పళ్లెం లాగేసుకుంది.

"రెండు కడుపులు పోయినదానివి. నువ్వు తొడగకూడదు."

దుర్గకి పాలకొల్లు బజారులో గాజుల కొట్టుంది. నవ్వుతూనే అంది.

"అలాగే అత్తయ్యా. కానీ ఇక్కడ అందరి చేతులకీ ఉన్నవి నేను తొడిగినవే కదండీ, మీవి కూడా. నా చెయ్యి మంచిది కాదనుకుంటే తీసి పళ్లెంలో పెట్టేయండి."

శుభకార్యంలో ఏ ముత్తైదువ గాజులు తీస్తుంది? సంపూర్ణ పళ్లెం తిరిగిచ్చింది.

అంత నోరున్న పిల్లకి మూడోది కూడా పోయింది. ఇక చూడండి సలహాలు! ఒకావిడ నాగదోషమంది. ఇంకొకావిడ బొప్పాయి తినుంటుందంది. మోపెడ్ ఎక్కబట్టే అంది మరొకావిడ. సంపూర్ణ కట్టిన తాయెత్తులతో ఆ పిల్ల మెడలో మంగళసూత్రానికి చోటు మిగల్లేదు. మూడో తరగతితో బడి మానేసిన నాకే విసుగొచ్చింది. "ఒసే, వీళ్ల మాటలు కాదు, నీ రక్తం చూపించుకుందాం పద" అని కాకినాడ తీసుకెళ్లాను.

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, మూడు నెలలాగి మళ్లీ చేయించింది. రెండుసార్లూ ఒకటే తేలింది. రోగాలతో పోరాడాల్సిన శక్తి దారి తప్పి సొంత ఒంటి మీదే తిరగబడుతోందట. మాయలో నెత్తురు గడ్డకట్టి బిడ్డకి తిండి అందడం లేదట. అందరికీ ఇదే కారణం కాదు, ఈమెకి మాత్రం ఇదేనంది. మళ్లీ నెల తప్పాక రోజూ ఒక చిన్న మాత్ర, పొట్ట మీద ఒక సూదిమందు రాసింది.

ఇప్పుడు దుర్గకి ఐదో నెల. ఇదివరకు ఏ కడుపూ ఇన్ని నెలలు నిలవలేదు. రోజూ సాయంత్రం సూది తనే పొడుచుకుంటుంది. మొగుడు సత్యప్రసాద్‌కి సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

ఇంతలో గ్రహణం వచ్చిపడింది, సరిగ్గా మందు వేళకే. సంపూర్ణ పొద్దున్నే మందుల పెట్టె బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. సంగతి తెలిసి నేను వెళ్లేసరికి అత్తాకోడళ్లు కొట్లాడుకుంటున్నారు.

"కడుపుతో ఉన్నది గ్రహణంలో సూది ముట్టుకుంటే బిడ్డకి మొర్రి వస్తుందే! ఒక్క పూటకి ఏమవుతుంది?"

"ఇవాళ ఆపితే రేపు ఇంకో దోషం చెప్తారు. వేళ తప్పించొద్దని డాక్టరమ్మ ఫోన్లో చెప్పారుగా!"

"ఏమే, బుద్ధుందా నీకు?" అని సంపూర్ణ మీద విరుచుకుపడ్డాను.

అది ఏడుపు మొదలెట్టింది. "నువ్వు మాత్రం గ్రహణాల్లో కర్రలా పడుకోలేదేంటే అక్కా?"

పడుకున్నాను. నలుగురు పిల్లల్నీ మోసినప్పుడూ అలాగే పడుకున్నాను.

దుర్గ చాప పరిచి వెల్లకిలా పడుకుంది.

"అత్తయ్యా, కడుపుతో ఉన్నదే కదా ముట్టకూడదు? నేను ముట్టను లెండి." తర్వాత నావైపు తిరిగింది. "పెద్దత్తయ్యా, మీరడిగితే అత్తయ్య తాళం ఇస్తారు. సూది మీరు పొడవండి."