ఏడో మనిషికి జ్వరం

మా ఆడపిల్లల కాలేజీలో ఆటంటే త్రోబాల్. ఆ జట్టుకి ఏటా కొత్త జెర్సీలు, ప్రాక్టీసయ్యాక అరటిపండ్లు, నోటీసు బోర్డులో ఫోటోలు. ఫుట్‌బాల్ జట్టు కూడా ఒకటుందని మా ప్రిన్సిపాల్‌కే గుర్తుండేది కాదు. కబడ్డీ వాళ్లు వదిలేసిన బనియన్లే మాకు దక్కాయి. బంతిలో గాలి తగ్గితే ఎదురుగా ఉన్న పంక్చర్ షాపుకి మేమే మోసుకుపోయేవాళ్లం. పదకొండు మందిమి ఏనాడూ పోగవలేదు. ఒకరికి ఇంటర్నల్స్, ఒకరికి కడుపునొప్పి, ఒకరింట్లో వ్రతం.

నేనందులో చేరింది ఆట మీద ప్రేమతో కాదు. కాస్త పొడుగ్గా ఉన్నానని మా కెప్టెన్ క్యాంటీన్‌లో పట్టుకుని నన్ను గోల్‌కీపర్‌ని చేసింది. ఆమెది ఊరి చివర హెబ్బగోడి. అమ్మానాన్నలు మడకశిర వైపు నుంచి వచ్చి అక్కడ గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుదురుకున్నారు. మాది ఊరి నడిమి బజారు చిక్కపేట, తాతల నాటి చీరల అంగడి. మిగతా వాళ్లతో ఇంగ్లీషో కన్నడమో మాట్లాడినా, మేమిద్దరం తెలుగులోనే పోట్లాడుకునేవాళ్లం.

"బంతి వస్తే కండ్లు మూసుకుంటావు. నిన్ను పెట్టుకున్నందుకు నన్ను అనాల" అని నవ్వేది. ఆ మాట నిజమే కాబట్టి నాకు కోపం వచ్చేది కాదు.

ఆమెకి మాత్రం ఆ ఆటలోనే చదువుంది. రెండో ఏడుతో కాలేజీ చాలించి తనతోపాటు ఫ్యాక్టరీకి రమ్మంటున్నాడు వాళ్ల నాన్న. యూనివర్సిటీ జట్టుకి ఎంపికైతే ఫీజు ఉండదు, అప్పుడైతే మూడో ఏడు చదువుకోమన్నాడు. ఎంపిక చేసే ఆయన మా ఆట చూడడానికి వచ్చేది ఒక్క మ్యాచ్‌కే.

ఆ మ్యాచ్‌కి ముందురోజు ఆమె మెట్ల మీద కూర్చుని వేళ్లు మడిచి చూసుకుంది. కిందామీదా పడితే ఏడుగురం తేలాం. అంతకు తగ్గితే మ్యాచ్ మొదలే పెట్టరు.

"నువ్వొస్తేనే ఏడుమందిమి అప్పా. గోలు ఆపకున్నా పరవాలేదు, ఊరికే వచ్చి నిలబడు, సాలు. మిగిలింది నేను చూసుకుంటా."

"వస్తాలే, అదేమన్నా పెద్ద పనా?" అన్నాను.

మర్నాడు పొద్దున డాన్సు మాస్టర్ మెసేజ్ పెట్టాడు. కాలేజీ ఫెస్ట్‌కి ఆఖరి రిహార్సల్ ఆరోజే, రానివాళ్లకి వెనక వరసే అని. ముందు వరసలో చోటు కోసం నెల రోజులుగా మోకాళ్లు అరగదీసుకున్నదాన్ని. ఫెస్ట్‌కి ఆడిటోరియం నిండిపోతుంది, ఫుట్‌బాల్‌కి కాకి కూడా వాలదు. ఏడుగురి సంగతి మరిచిపోయానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, మరిచిపోలేదు. ఎవరో ఒకరిని పట్టుకొస్తుందిలే అనుకున్నాను. "జ్వరం, లేవలేకపోతున్నా" అని ఆమెకి రాసి, ఫోను సైలెంట్‌లో పెట్టి, డాన్సుకి పోయాను.

సాయంత్రం ఇంటికొస్తే వంటింటి గట్టు మీద ఒక బ్రెడ్ ప్యాకెట్టు, రెండు మోసంబీలు ఉన్నాయి.

"నీ స్నేహితురాలు వచ్చిండె, ఆ హెబ్బగోడి పిల్ల" అంది మా అమ్మ. "నీకు జరం ఎట్లుండాదని అడిగె. జరమేందమ్మా, డాన్సుకి పోయుండాది కదా అన్నా. కాఫీ తాగి పోవే అంటే వినలేదు. మొగం ఎట్లనో అయిపాయ. ఏమైందే?"

ఫోను తీసి గ్రూపు చూశాను. మైదానంలో ఆరుగురే నిలబడ్డారు. అరగంట చూసి రెఫరీ అవతలి జట్టు గెలిచిందన్నాడు. ఎంపిక చేసే ఆయన ఆమె బంతిని తాకడమైనా చూడకుండానే కారెక్కాడు. అంతా చెడ్డాక కూడా ఆమె తిన్నగా ఇంటికి పోలేదు. బూట్లతోనే చిక్కపేట జనంలో తోసుకుంటూ నా జ్వరం చూడడానికి వచ్చింది. ఆ బ్రెడ్ వంక చూడలేక గదిలోకి పోయి ఏడ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండు రోజులు తప్పించుకు తిరిగాను. మూడోనాడు లైబ్రరీ దగ్గర ఎదురుపడింది. క్షమించమందామని ఆగాను, అంతలో ఆమే అడిగింది.

"ముందు వరసే ఇచ్చినారా?"

తలూపాను.

"పోనీలే అప్పా. మనలో ఒకరికన్నా దొరికింది" అని పుస్తకాలు సర్దుకుని క్లాసుకి వెళ్లిపోయింది. అందులో ఎగతాళి లేదు. ఉండి ఉంటే ఈపాటికి నేను కొంచెం తేరుకునేదాన్నేమో.

సెలవులయ్యాక నేను మూడో ఏడు క్లాసులో కూర్చున్నాను. ఆమె వాళ్ల నాన్నతో ఫ్యాక్టరీ బస్సెక్కింది. ఆ ఏడు మా కాలేజీకి ఫుట్‌బాల్ జట్టు లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.