బిరుదుల్లేని దొర, మా మరిది పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో సింగపూర్‌లో తెలుగువాడంటే సాఫ్ట్‌వేరే. జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాక్ లిఫ్టులో తెలుగు మొహం కనబడితే "ఏ కంపెనీ?" అనడమే పలకరింపు. అలాంటి చోట మా మరిది మాత్రం యూనివర్సిటీలో చేరి, పాతకాలం అమెరికావాళ్ళు వ్యాపార ఒప్పందాల కోసం తెరచాప ఓడలెక్కి ఆసియా రాజుల దగ్గరికి ఎలా వచ్చారో పరిశోధించేవాడు. (మా ఇంట్లో అన్నంలో నంజుకోడానికి ఆ కథలే. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, నోరు తెరుచుకుని వినేదాన్ని.)

అతనికి ఒక అమ్మాయి నచ్చింది. ఆ పిల్లా సరేనంది. కానీ సింగపూర్‌లోనే టోవా పాయోలో ఉన్న వాళ్ళ బాబాయి ఊఁ అంటేనే ఇండియాలో వాళ్ళ నాన్న ఊఁ అంటాడు. ఒక ఆదివారం ఆ బాబాయిగారు మా సోఫాలో కూర్చుని మిరపకాయ బజ్జీ అందుకున్నారు.

"ఏ కంపెనీ బాబూ?"

"కంపెనీ కాదు అంకుల్, రీసెర్చ్. పాతకాలం ఓడల మీద."

"ఓడలా!" బజ్జీ ప్లేటులోకి తిరిగెళ్ళిపోయింది. "సరే, నీ హోదా ఏంటయ్యా? మా అన్నయ్యకి ఫోన్లో ఏమని చెప్పను?"

మరిది బజ్జీల ప్లేటు ఆయన ముందుకి జరిపాడు. నాకు అతను చెప్పిన కథే గుర్తొచ్చింది. వియత్నాం తీరానికి ఓడలో వచ్చిన అమెరికా దొరని అక్కడి అధికారులు "నీ బిరుదులేంటి?" అన్నారట. పాపం, ఒక్కటీ లేదు. తన దేశంలోని ఊళ్ళ పేర్లనే బిరుదుల్లా వరసపెట్టి చదివేశాడట, రాసుకునేవాడికి చెయ్యి పడిపోయేదాకా.

అంతే, నేను గొంతు సవరించుకున్నాను. "మా మరిదంటే ఏమనుకున్నారు బాబాయిగారూ! తణుకు, నిడదవోలు, పెనుగొండ, ఆచంట, మార్టేరు..."

"వదినా!" అని మరిది కళ్ళతోనే బతిమాలాడు. మధ్యలో ఆగితే ఇంకా పరువు తక్కువని నేను ఆగలేదు. "పాలకొల్లు, పోడూరు..."

"ఆగమ్మా!" ఆయన లేచి నిలబడ్డారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పోడూరులో మీకెవరు?"

"మా అత్తగారి పుట్టిల్లండీ."

"కాలవగట్టు వైపేనా? మా అమ్మా అక్కడే పుట్టింది!"

ఇక చూసుకోండి, సాయంత్రందాకా పోడూరే. బజ్జీలు రెండో వాయికీ వెళ్ళాయి. ఆయన చెప్పులు వేసుకుంటుంటే మరిది భయంభయంగా అడిగాడు: "మరి హోదా ఏమని చెబుతారంకుల్?"

"పోడూరు మనవడని చెబుతా. కెన్ లా, కెన్!" (ఏళ్ళ తరబడి ఇక్కడున్న మనిషి, సంతోషమొస్తే 'ఓ, అలాగే' అనడానికి కూడా ఈ ఊరి మాటే వచ్చేది.)

తలుపు వేసి, నేనూ మరిదీ అక్కడే నేలమీద కూలబడి, ఏడుపో నవ్వో తెలియకుండా నవ్వాం.

ఆనాటి నన్ను, ఊళ్ళ పేర్లు వల్లించిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనన్న ఊహే లేదు దానికి. ఇప్పుడు నేను బస్సులో పక్కసీటావిడని పలకరించడానికి కూడా తటపటాయిస్తాను; ఈలోగా ఆవిడ స్టాపు వచ్చేస్తుంది.