ఉలవల మీద సైకిలు

రోడ్డు మీద సైకిలువాడంటే అందరికీ లోకువే. లారీవాడు కారువాణ్ణి తిడతాడు, కారువాడు మోటారు సైకిలువాణ్ణి తిడతాడు, ముగ్గురూ కలిసి నన్ను తిడతారు. మరి నేనెవర్ని తిట్టాలి? కుక్కల్ని తిట్టేవాణ్ణి. అవి కూడా మోటారు సైకిళ్ళ వెనక పరిగెత్తి అలిసిపోయి, తీరిగ్గా నా పిక్కల మీదికి వచ్చేవి.

గజపతినగరానికి ఇవతల మా ఊరు. అక్కణ్ణించి విజయనగరం వైపు ఉన్న జూట్ మిల్లుకి గంటంపావు దారి. ఆ దారి నేను తొమ్మిదేళ్ళు బదిలీవాడిగా తొక్కాను, ఆ తర్వాత పర్మినెంటువాడిగా తొక్కాను. "సైకిలు తొక్కితే ఆరోగ్యమండీ" అని నాకు చెప్పినవాళ్ళందరూ స్కూటర్ల మీద కూర్చునే చెప్పారు. ఒక్కడైనా దిగి, ఏదీ ఇలా ఇవ్వు, నేనూ ఓ మైలు తొక్కుతాను అన్నాడా? అనలేదు.

బదిలీవాడంటే ఏమిటో చెప్పాలి. మిల్లులో ప్రతి మగ్గానికీ ఒక సొంతదారుంటాడు. వాడికి జ్వరమొస్తేనో, వాడింట్లో పెళ్ళయితేనో ఆ పూట ఆ మగ్గం మీద నిలబడేవాడు బదిలీ. అంటే ఇంకొకడి జ్వరం కోసం రోజూ గేటు దగ్గర కాసుక్కూచునే బతుకు. అందర్నీ ఎండలో నిలబెట్టి, మగ్గాలు పంచే సర్దారు వచ్చి నువ్వూ, నువ్వూ అని వేలు చూపిస్తాడు. మిగతావాళ్ళం సైకిళ్ళు తిప్పుకుని ఇంటికి పోవాలి. వచ్చేటప్పుడు గంటంపావు పట్టిన దారి, పని దొరక్క తిరిగి వెళ్ళేటప్పుడు రెండు గంటలు పట్టేది.

మా ఆవిడ తమ్ముణ్ణి ఆ గేటు దగ్గరికి తీసుకెళ్ళినవాణ్ణి నేనే. "ఒరే, సైకిలుంటే చాలు, నాతో రా" అన్నాను. వచ్చాడు. వచ్చి రెండేళ్ళు తిరక్కుండానే నాకంటే ఎక్కువ రోజులు లోపలికి వెళ్ళడం మొదలుపెట్టాడు. వాడి వేళ్ళు అలాంటివి. మగ్గం మీద గోగునార పోగు తెగితే, నేను ముడి వేసేలోపు వాడు రెండు ముడులు వేసి కండె మార్చేసేవాడు. పైకి నవ్వేవాణ్ణిగానీ కడుపులో మండేది. నా బావమరిదే కదా అని సర్దిచెప్పుకుంటే ఇంకా మండేది.

ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. మెయిన్ రోడ్డు మీద లారీల భయం, అందుకని లోపలి రోడ్డు. ఆ రోడ్డుకి మాఘమాసంలో ఒక తెగులు పట్టేది. ఊళ్ళ రైతులు ఉలవ మొక్కలు పీకి, ఎండబెట్టి, తెచ్చి తారు రోడ్డు మీద అడుగు మందాన పరిచేసేవారు. ఇక నూర్పిడికి ఎడ్లక్కర్లేదు, మనుషులక్కర్లేదు. దారినపోయే లారీలూ ఆటోలూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. పక్కనుంచి ఎవడూ తప్పించుకుపోకుండా అంచు వెంబడి బండరాళ్ళు పేర్చేవారు. లారీ వస్తే వాళ్ళకి పండగ. మేం వస్తే మాత్రం మొహాలు మాడ్చుకునేవారు. సైకిలు బరువుకి కాయ పగలదు సరికదా, తీగ చక్రానికి చుట్టుకుని పరిచిందంతా చెదిరిపోతుంది.

సైకిలువాడికీ అది గండమే. ఉలవల మీద తొక్కామా, తీగ గొలుసులోకి దూరి వెనక చక్రం ఠక్కున ఆగిపోతుంది. అందుకని మా వైపు ఒక పద్ధతుంది. ఉలవలు కనబడితే సైకిలు దిగి, నడిపించుకుంటూ దాటాలి. దిగడం, నడవడం, ఎక్కడం. మళ్ళీ అరమైలు పోగానే ఇంకో పరుపు, మళ్ళీ దిగడం. మిల్లు కూత వినబడేలోపు గేటు దగ్గరుండాల్సినవాడికి ఎంత ఒళ్ళు మండుతుందో ఆలోచించండి.

ఒక పరుపు దగ్గర ఒకామె ఎప్పుడూ గొడుగు వేసుకుని కాపలా కూర్చునేది. నన్ను అల్లంత దూరాన చూడగానే లేచేది.

"దిగు, దిగు! మీ బాబు ఏసిన రోడ్డేటి?"

"కాదు. మీ బాబు ఏసిన కళ్ళమేటి?" అనేవాణ్ణి, దిగుతూనే.

"ఓలమ్మ, నోరు సూడు! నీ పెళ్ళాం ఎలా ఏగతందో గానీ!"

బావమరిది మాత్రం ఆమెను పిన్నీ అని పిలిచేవాడు. వాడికి ఆమె చేతినిండా ఉడికించిన ఉలవలు పెట్టేది. నాకు ఒక్కరోజైనా పెట్టలేదు. నేను అడగనూ లేదు.

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు మాఘంలో, మగ్గాల మీద పనిచేసే పెద్దాయనొకడు రిటైరయ్యాడు. సొంతదారు లేని మగ్గం! బదిలీవాళ్ళందరికీ నోట్లో నీళ్ళూరాయి. సర్దారు మా ఇద్దర్నీ పక్కకి పిలిచాడు. నాకు తొమ్మిదేళ్ళ సర్వీసు, వాడికి పనితనం. ఎవరికివ్వాలో తనకీ తెలియలేదో, లేక మా ఇద్దర్నీ తగాదా పెట్టి చూడాలనుకున్నాడో.

"బావాబావమరుదులు కదా. మీలో ఎవుడికిచ్చినా ఒకింట్లోకే ఎల్తాది. సోమారం రెండు గంటల షిఫ్టుకి ముందు ఎవుడొస్తే ఆడిదే మగ్గం" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. తొమ్మిదేళ్ళు ఎండలో నిలబడ్డవాణ్ణి సైకిలు పందెంలోకి దింపాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇంట్లో చెప్పగానే మా ఆవిడ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. "ఆడి సరదా కోసం మీరిద్దరూ కుక్కల్లా పరిగెడతారేటి? కలిసి బయల్దేరండి, కలిసి గేటు కాడికి ఎల్లండి. మేమిద్దరం ఒకేపాలి ఒచ్చినాం, నీకు నచ్చినోడికి ఇచ్చుకో అని సెప్పండి. ఎవుడికొచ్చినా నాకు ఒకటే." ఇద్దరి చేతా ఒట్టు వేయించింది. వాడు ముందు వేశాడు. నేనూ వేశాను.

సోమవారం పన్నెండున్నరకి బయల్దేరాం. పక్కపక్కనే తొక్కుతున్నాం. వాడేదో మాట్లాడుతున్నాడు, తన కూతురికి నడక వచ్చిందనో ఏదో. నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు. సర్దారుకి నచ్చినవాడంటే వీడే, ఒట్టు వేసి వీడికి నేనే మగ్గం అప్పజెప్పడానికి పోతున్నాను అన్నదొకటే బుర్రలో తిరుగుతోంది. మొదటి రెండు పరుపులూ దిగి నడిచాం. మూడోది గొడుగామెది.

వాడు దిగాడు. నేను దిగలేదు.

ఉలవల మీద పోవడానికి ఒక కిటుకుంది. ముందే బలంగా తొక్కి, పరుపు ఎక్కగానే కాళ్ళు కదపకుండా ఉంచాలి. గొలుసు కదలకపోతే తీగ చుట్టుకోదు. అలా జారిపోయాను. ఆమె అరుపులు వెనక్కి పోయాయి. అవతలి అంచు దాటి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టేసరికి, "బావా! ఏటి బావా ఇది!" అని వాడి గొంతు వినబడింది. వాడికి అప్పటికి అర్థమైంది. సైకిలెక్కేసి, ఉలవల మధ్యలోనే గబగబా తొక్కాడు.

ఇనుము రోడ్డుకి కొట్టుకున్న చప్పుడయింది. ఆమె కేక వేసింది. "బావా, ఆగు! సెయ్యి, నా సెయ్యి! ఆగు బావా!"

నేను వెనక్కి తిరిగి చూశాను. చూడలేదని చాలామందికి చెప్పాను, ఇక్కడ ఆ మాట రాయను. చూశాను. సైకిలు వాడి మీదుంది, చెయ్యి వాడి కిందుంది. గొడుగు పారేసి ఆమె పరిగెత్తి వస్తోంది. ఆమె ఉంది కదా అనుకున్నాను. తొక్కాను. నా జన్మలో అంత జోరుగా ఎప్పుడూ తొక్కలేదు.

గేటు దగ్గర సర్దారు నా వెనక్కి చూసి, "రెండోవోడేడి?" అన్నాడు.

"రాలేదు" అన్నాను.

మగ్గం నాదయింది.

వాణ్ణి ఆటోలో ఎక్కించి గజపతినగరం తీసుకెళ్ళి కట్టు కట్టించినవాళ్ళు ఆ గొడుగామే, ఆమె మొగుడూనూ. రోడ్డు మీద పరిచిన ఉలవలు ఎవరికి వదిలేసి వెళ్ళారో తెలీదు. ఇన్నేళ్ళూ నేను నోటికొచ్చినట్టు తిట్టింది వాళ్ళనే. మర్నాడు పొద్దున మా ఆవిడ నన్ను వెంటబెట్టుకుని తమ్ముడింటికి వెళ్ళింది. వాడు మెడకి చెయ్యి వేలాడదీసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వు పడిపోయినప్పుడు మీ బావ ఎక్కడున్నాడ్రా?" అని అడిగింది. రాత్రంతా ఆ ప్రశ్న నన్నూ అడిగింది. ముందున్నాను, నాకు తెలీదు అని చెప్పాను.

వాడు ఆమెను చూడలేదు, నన్ను చూశాడు. "బావ ముందెల్లిపోనాడే. ఆయనకి తెల్దు" అన్నాడు.

నన్ను కాపాడాడని మీరనుకుంటే పొరబాటు. వాడు నన్ను తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆ క్షణంలో వాడు నిజం చెప్పేసుంటే నాలుగు తిట్లు తిని, కాళ్ళు పట్టుకుని, బయటపడేవాణ్ణి. వాడు ఆ దారి లేకుండా చేశాడు. నాకు వాడి మీద పీకల్దాకా కోపం వచ్చింది. తప్పు చేసింది నేను, కోపం వచ్చిందీ నాకే. ఏం చేస్తాం, బుద్ధి అలాంటిది.

మణికట్టు వంకరగా అతుక్కుంది. బొటనవేలు చూపుడువేలిని అందుకోదు. అందుకోకపోతే ముడి పడదు, ముడి వేయలేనివాణ్ణి మిల్లు రానివ్వదు. వాడు ఊరి చివర టీ బడ్డీ పెట్టుకున్నాడు. ఎడం చేత్తో టీ తిరగబోసేవాడు. నేను మిల్లుకి వెళ్ళాలంటే దాని ముందునుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. మొదట్లో రోజూ నెమ్మది చేసేవాణ్ణి, ఓ మాట మాట్లాడదామని. నెమ్మది చేయగానే బడ్డీలోంచి అరిచేవాడు.

"ఆగకు బావా! ఆగకు, ఎల్లిపో! టైమయిపోతాది!"

బెంచీ మీదివాళ్ళు, "బావంటే ఎంత పేమరా నీకు" అని నవ్వేవారు. వాడూ నవ్వేవాడు. రోజూ అదే మాట. ఎండాకాలం, వానాకాలం, అదే మాట. తిట్టినా బాగుండేది. తిడితే నేనూ తిట్టేవాణ్ణి, నాకు తిట్టడం బాగా వచ్చు.

అలా రెండేళ్ళు గడిచాక ఒకరోజు మా ఆవిడ బజారుకి వెళ్ళాలంది. మెయిన్ రోడ్డు దాకా దింపి బస్సెక్కిస్తానని వెనక ఎక్కించుకున్నాను. ఆమె కూడా ఉంది కదా, ఇవాళ అనడులే అనుకుని బడ్డీ దగ్గర నెమ్మది చేశాను.

"ఆగకు బావా! ఎల్లిపో!"

బెంచీ మీదివాళ్ళు నవ్వారు. వెనకనుంచి మాత్రం నవ్వు వినబడలేదు. నాలుగు బారలు పోయాక, "ఆపు" అంది. ఆపాను. దిగలేదు, అలాగే కూర్చుని నా వీపుతో మాట్లాడింది.

"ఆరోజు ఆడు నిన్ను పిలిసినాడా?"

మొహం చూస్తూ అడిగితే ఎప్పట్లా అబద్ధమాడేవాణ్ణేమో.

"పిలిచాడు" అన్నాను.

దిగి, చీర కొంగు సర్దుకుని, తమ్ముడి బడ్డీ వైపు వెనక్కి నడిచింది. నేను సైకిలు పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడ్డాను. వెళ్ళాలి, ఇద్దరి ముందూ నిలబడాలి, ఏదో ఒకటి అనాలి. తెలుసు. వెనక లారీవాడు హారను కొట్టి, బూతు తిట్టాడు. రెండు గంటల షిఫ్టు, మిల్లుకి టైమవుతోంది. ఎక్కి తొక్కాను.