సొల్దా అక్క బొట్టు

నా చిన్నప్పుడు మా కోసపాళయం పేటలో నా మాట నమ్మే మనిషి ఒక్కరు కూడా లేరు. కురుచికుప్పం ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేప కడుపులో పెండ్లి పందిరి చూశానని, ఆ పెండ్లిలో నాకు వడలు కూడా వడ్డించారని చెప్పిన పిల్లను ఎవరు మాత్రం నమ్ముతారు? నేను నోరు తెరిస్తే చాలు, "వచ్చెనమ్మా అబద్ధాల బండి, పక్కకు జరగండే" అనేది మా అవ్వ. అటువంటి నన్ను నమ్మి, తన బతుకులోకెల్లా బరువైన మాటను నా చేతిలో పెట్టింది మా పక్కింటి అక్క.

ఆమెను చిన్నా పెద్దా అందరూ సొల్దా అక్క అనేవాళ్ళు. అప్పట్లో మా ఊరు ఫ్రాన్సు దొరల ఏలుబడిలో ఉండేది, వాళ్ళ పట్టాళంలో చేరినవాణ్ణి సొల్దా అంటారు. యుద్ధం వచ్చినప్పుడు ఆమె మొగుడూ మా నాయనా ఒకే ఓడ ఎక్కి పోయారు. మా పేటలో ఇంకా కొన్ని ఇళ్ళ మగవాళ్ళూ అట్లాగే పోయారు. మిగిలిన ఆడవాళ్ళకు అక్కే దిక్కయింది. ఎవరూ అడగకుండానే ఆ పని నెత్తిన వేసుకుంది. పొద్దున్నే గుడ్డసంచి పట్టుకుని అంగళ్ళవాళ్ళ గుమ్మాల ముందు నిలబడి పిడికెడేసి బియ్యం అడిగి తెచ్చి, పొయ్యి వెలగని ఇంట్లో పోసేది. జ్వరమొస్తే కషాయం కాచేది, పురుడొస్తే మంత్రసాని పక్కన నిలబడేది. వారానికొకసారి సముద్రపు ఒడ్డున ఉన్న మేరీకి, అంటే దొరల నగర కచేరీకి, పోయి అందరి మగవాళ్ళ క్షేమమూ విచారించి వచ్చేది. ఆమె తిరిగొచ్చే వేళకు ఆడవాళ్ళంతా తిన్నెల మీద కూర్చుని దూరం నుంచే ఆమె మొహం చూసేవాళ్ళు.

మా అమ్మకు అప్పుడు నెలలు నిండాయి. నా తర్వాత పుట్టినవాళ్ళిద్దరూ పురిట్లోనే పోయారు. ఈ బిడ్డ నిలుస్తుందా, అసలు అమ్మ నిలుస్తుందా అని ఇంట్లో అందరికీ దిగులు. "నువ్వు పక్కన లేకుంటే నేను ఆ గదిలోకి పోనే పోనక్కా" అని అమ్మ ఆమె చేత ఒట్టు వేయించుకుంది.

ఆ వారం మేరీకి పోతూ అక్క నన్ను కూడా వెంట తీసుకుపోయింది. వరండాలో కూర్చునే గుమాస్తా ఎప్పుడూ తల అడ్డంగా ఊపి పంపేసేవాడు. ఆరోజు లేచి నిలబడ్డాడు. ఆమె మొగుడు యుద్ధంలో పోయాడని అరవంలో మెల్లగా చెప్పాడు. అక్క గోడ పట్టుకునే మా నాయన సంగతి అడిగింది. ఏమీ తెలియదన్నాడు. ఇంటికి మనిషిని పంపవద్దని, ఒక పురుడు గట్టెక్కగానే తానే అందరికీ చెప్పుకుంటానని ఆయనను బతిమాలింది.

బయటికొచ్చి ఇసుకలో కూలబడి ఏడ్చింది. నాకు అర్థం కావలసింది అర్థమయింది. మా వాళ్ళలో మొగుడు పోయిన ఆడది ఏడాది గడప దాటకూడదు, పురిటిగదిలో అడుగు పెట్టనే కూడదు. పైగా ఒకే ఓడలో పోయినవాళ్ళు. ఒకరి కబురు వింటే అమ్మ మనసు నాయన మీదికి పోకుండా ఉంటుందా?

అక్క కొంగుతో మొహం తుడుచుకుని, "బొట్టు సరిగా ఉండాదా పాపా?" అంది. చెదిరిన కుంకుమను నా వేలితో గుండ్రంగా దిద్దాను.

"మీయమ్మ అడిగితే ఏం చెప్తావే?"

"సొల్దాలంతా తెల్ల గుర్రాలెక్కి వస్తా ఉండారని చెప్తా."

అంత ఏడుపులోనూ ఆమెకు నవ్వొచ్చింది. "వద్దు తల్లీ. ఏనుగంతది చెప్తే ఎవురూ నమ్మరు. కబురేమీ లేదంట, అను. ఆపైన నోరు మూసుకో."

అట్లాగే అన్నాను. పుట్టిన తర్వాత మొదటిసారి నా మాట అందరూ నమ్మారు. నాకు సంతోషం కలగలేదు.

ఆ తర్వాత అక్క ఎప్పటిలాగే బొట్టూ గాజులతో సంచి పట్టుకుని తిరిగింది. ఎవరైనా పూలిస్తే తలలో పెట్టుకుంది. మధ్యాహ్నాలు మాత్రం గోడ అవతల తిరగలి చప్పుడు వినిపించేది. ఒకసారి తొంగి చూశాను. ఖాళీ తిరగలి తిప్పుతోంది, ఏడుపు వినిపించకుండా.

నొప్పులు మొదలైనప్పుడు అవ్వ కుంకుమ భరిణె అందించి, "ముత్తైదువ్వి, నీ చేత్తో బొట్టు పెట్టి లోపలికి తీసుకుపోవే అమ్మా" అంది. అక్క వేలు గాలిలో ఆగింది. నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఆమె బొట్టు పెట్టి అమ్మను నడిపించుకుని లోపలికి పోయింది. చెల్లెలు పుట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

బిడ్డ పాలు తాగేదాకా ఉండి, అక్క ఇంటికిపోయి స్నానం చేసి, గాజులు తీసేసి, బోసి నుదుటితో మా వాకిట్లో నిలబడి ఉన్నమాట చెప్పింది.

"తాళి తెగినదానివి నా కోడలికి బొట్టు పెట్టినావా? నీకు చెయ్యెట్లా వచ్చిందే!" అని అవ్వ ఆమె మీద పడింది.

"తప్పే అవ్వా. బిడ్డ మళ్ళా పాలు తాగిందా?" అని మాత్రం అడిగింది అక్క.

ఆమె మొహం కోసం వారం వారం ఎదురుచూసిన ఆడవాళ్ళే ఆరోజు ఒక్కొక్కరూ లేచి తలుపులు వేసుకున్నారు. పురిటి మైల తీరకముందే మా అమ్మ మంచం దిగింది. అవ్వ వెనక నుంచి శాపనార్థాలు పెడుతున్నా ఆగలేదు. గోడ పట్టుకుని పక్కింటికి నడిచి, చీకటి మూలన కూర్చున్న అక్క ఒడిలో బిడ్డను పెట్టింది.

"ఎత్తుకో అక్కా. దీనికి నీ వాసన తెలుసు."

మా నాయనా పోయాడన్న కబురు మరుసటి వానాకాలంలో వచ్చింది. తెచ్చింది అక్కే. ఈసారి దాచలేదు, అమ్మను కౌగిలించుకుని కూర్చుండిపోయింది. తర్వాత ఆ ఇద్దరూ కలిసి బియ్యానికి పోయేవాళ్ళు. అపశకునమని కొందరు తలుపు వేసేవాళ్ళు. వేసిన తలుపు ముందు కూడా వాళ్ళు కాసేపు నిలబడేవాళ్ళు.

నాటినుంచి మా ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా మొదట పెట్టేది మొగుడు పోయిన ఆడదాని ఒడిలోనే. మొన్న నా మనవరాలు పుట్టినప్పుడు వియ్యపురాలు, "ఇది యాడి ఆచారమమ్మా?" అని మొహం చిట్లించింది. మా ఇంటిదన్నాను. వాళ్ళ పెరట్లో బోసి నుదుటితో గిన్నెలు తోముకుంటున్న ఆమె ముసలి మేనత్తను పిలిచి కూర్చోబెట్టి బిడ్డను ఆమె ఒడిలో పెట్టాను. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని, తుడుచుకుని, చివరికి పొదువుకుంది. తిరిగి ఇమ్మని నేను తొందరపెట్టలేదు.