లౌడ్‌స్పీకరు లేని షూటింగు

అటవీశాఖలో నా రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుండగా, మార్చి మొదటి వారంలో, ఏన్కూరు దాటి భద్రాచలం వైపు సాగే అడవిలోని ఒక రేంజికి నన్ను బదిలీ చేశారు. రేంజ్ ఆఫీసరంటే బయటివాళ్లకు పెద్ద హోదాలా వినిపిస్తుంది. అడవిలో తిరిగి చెట్టును కాపాడేది బీట్ ఆఫీసరు, వాళ్లను చూసుకునేది సెక్షన్ ఆఫీసరు, చివరి సంతకం పెట్టేది జిల్లా అటవీ అధికారి, డీఎఫ్‌ఓ. మధ్యలో కూర్చుని కాగితాలు రాసేది మేము. కాగితం రాయడంలో డివిజన్ మొత్తంలో నాకు పేరుండేది. నేనూ ఆ పేరును కాలరు మీద పెట్టుకునే తిరిగేవాణ్ని.

చేరిన పదో రోజున ఒక షూటింగు ఫైలు వచ్చింది. పాప్ గాయని, సినిమా నటి రత్న తన కొత్త పాటను మా రేంజిలో, వాగు పక్కన ఇప్పచెట్ల కింద తీస్తుందట. ఒక్కరోజు పని. ఇలాంటివాటికి అనుమతి పైనుంచి వస్తుంది గానీ, స్థలం చూసి ఏ షరతులు పెట్టాలో రాసేది రేంజ్ ఆఫీసరే. వెళ్లి చూశాను. ఆకురాలు కాలం కాబట్టి నిప్పు రాజేయరాదని రాశాను. ప్లాస్టిక్ తేరాదు, నాలుగు గంటలకల్లా ఖాళీ చేయాలి, ఇలా పన్నెండు షరతులయ్యాయి. నిజం చెప్పాలంటే అందులో సగం కొత్తగా రాసినవి కావు, పాత జాతర ఫైలులోంచి దింపినవి. తొమ్మిదోది అలాంటిదే. లౌడ్‌స్పీకర్లు, శబ్దాన్ని పెంచే యంత్రాలు వాడరాదు. జాతరకు అది అవసరం. పాట తీసేవాళ్లకు ఎలా కుదురుతుందో నాకు తట్టలేదు. వాళ్ల మేనేజరు కూడా చదవకుండానే ప్రతి పేజీ మీదా సంతకం చేసి పంపాడు.

రత్న గురించి నాకు తెలిసిందంతా ఖమ్మం శివారు ఖానాపురం హవేలి కాలనీలోని మా ఇంట్లో, మా ఆవిడ చెప్పగా విన్నదే. అసలు పేరు నాగరత్నం. కల్లూరు దగ్గర మిరపతోటల్లో తల్లితో పాటు కాయలు ఏరడానికి వెళ్లి, కూలీలకు అలుపు తెలియకుండా పాడేదట. పంతొమ్మిదేళ్లకు ఖమ్మంలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరింది. మొదటి పాటను మా కాలనీలోనే, గోడలకు బొంతలు వేలాడదీసిన రెండు గదుల స్టూడియోలో రికార్డు చేసింది. అది ఫోన్లలో ఊరూరా తిరిగింది. తర్వాత హైదరాబాదు, రెండు సినిమాల్లో హీరోయిన్ స్నేహితురాలి వేషం, మూడోదాంట్లో హీరోయిన్.

ఈ షూటింగుకు ఏడాది ముందు ఒక స్టేజి మీద, ముందే రికార్డు చేసిన పాట మధ్యలో ఆగిపోయింది. ఆమె పెదాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. ఆ వీడియో చూడనివాడు జిల్లాలో లేడు. ఆమె మళ్లీ జనం ముందు నోరు విప్పి పాడలేదు. ఆ గొంతంతా యంత్రం మాయేనని నేనూ నలుగురితో పాటు అన్నాను. "చెట్టు చుట్టుకొలత తప్ప పాట సంగతి మీకేం ఎరుక," అంది మా ఆవిడ.

షూటింగు రోజు ఎనిమిదింటికి మూడు వ్యాన్లు దిగాయి. దగ్గరి గూడెం నుంచి ఇరవైమంది ఆడవాళ్లు, తెల్లవారుజామునే ఇప్పపువ్వు ఏరే పని ముగించుకుని, ఉతికి ఆరేసిన చీరలు కట్టుకుని వచ్చారు. ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా ఆడే తమ ఆటను ఈ పాటకు కలిపి వారం రోజులుగా నేర్చుకున్నారట. అంతలో వ్యానులోంచి మనిషెత్తు స్పీకర్లు రెండు దించారు. నేను ఆపి, తొమ్మిదో షరతు చదివి వినిపించాను.

డాన్స్ మాస్టరు తల పట్టుకున్నాడు. షూటింగులో పాట పెద్దగా మోగుతుంటేనే నటి పెదాలు కదుపుతుందనీ, ఆడేవాళ్లు అడుగు వేస్తారనీ, కెమెరా జరుగుతుందనీ ఓపిగ్గా వివరించాడు. అది లేకపోతే అంతా మూగవాళ్ల గంతులేనన్నాడు. అప్పుడు నా తెలివి నాకు అర్థమైంది. కానీ సంతకమైన ఉత్తర్వును మార్చే అధికారం నాకు లేదు. డీఎఫ్‌ఓ గారికి ఫోన్ చేశాను. షరతు మారాలంటే ఫైలు మళ్లీ మొదటినుంచి నడవాలనీ, రాసింది నేనే కాబట్టి నేనే చూసుకోవాలనీ చెప్పి పెట్టేశారు.

ఫైలు నడవడానికి రెండు వారాలు పడుతుంది. రత్నకు తర్వాత మూడు నెలలు వేరే సినిమా ఉంది. మేనేజరు చెట్టు సెట్ వేసి హైదరాబాదులోనే, అక్కడి డాన్సర్లతో తీద్దామన్నాడు. గూడెం ఆడవాళ్లకు ఆ మాట అర్థమై ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోన్లో పాట పెట్టి చూశారు. అడుగుల చప్పుడుకే అది వినబడలేదు.

వాళ్లలో పెద్దావిడ మల్లమ్మ ముందుకొచ్చింది. "బిడ్డా, పాట పాడింది నువ్వేనాయె. నువ్వు పాడు, మేం ఆడుతం. గీ డబ్బాలతోటి పనేంది?"

యూనిట్‌లో అందరూ నేల చూపులు చూశారు. రత్న నా వైపు తిరిగింది.

"సార్, గొంతుకు పర్మిషన్ ఉందా?"

"ఉందమ్మా. దానికి మేం షరతు రాయలె," అన్నాను.

రత్న పాట వేగం తప్పకుండా, బాణీ మాత్రం వినిపించే చిన్న యంత్రాన్ని చెవిలో పెట్టుకుంది. పాడింది. స్టూడియో మైకు ముందు పాడినట్టు మెత్తగా, లోపల్లోపలే. వరస చివరనున్న వాళ్లకు వినబడక అడుగు తప్పింది. రెండోసారీ అంతే. మేనేజరు సామాను సర్దమని సైగ చేశాడు.

మల్లమ్మ ఏటా ఏన్కూరు వైపు మిర్చి ఏరడానికి వెళ్లే మనిషి, రత్న సంగతి తోటల్లో విన్నదే. "తోటల గట్లనే పాడినవా? ఆఖరి సాలుల ఉన్నోళ్లకు ఇనబడాలె గద," అంది.

రత్న చెప్పులు విడిచింది. కెమెరాను చూడటం మానేసి, వరస చివరన ఉన్న మనిషిని చూస్తూ ఎత్తుకుంది. నేను వాగు అవతలి గట్టు మీద, నిప్పు కోసం కాపలా పెట్టిన మా వాచర్ల దగ్గరున్నాను. ప్రతి మాటా అక్కడికి వినబడింది. కొంచెం జీర ఉన్న గొంతు, ఎండలో పనిచేసిన గొంతు. ఇరవైమంది అడుగూ ఒక్కసారే పడింది. వాచర్లు నిప్పు సంగతి మరిచిపోయి పాట వింటుంటే నేనూ వాళ్లను అదిలించలేదు.

ఒకే పాటను పది కోణాల్లో తీయాలి కాబట్టి మూడున్నర దాకా పదకొండుసార్లు పాడింది. పొడుగు కర్రకు కట్టిన మైకుతో ఒకతను రికార్డు చేసుకున్నాడు. ఆ మైకు శబ్దాన్ని పట్టుకునేదే తప్ప పెంచేది కాదని ముందే తనిఖీ చేశాను. చివరికి వాళ్లు విడుదల చేసింది ఆ గొంతునే, ఆయాసంతో సహా.

వెళ్లేముందు ఆమె మా జీపు దగ్గరికొచ్చింది. గొంతు దాదాపు పోయింది.

"ఆ స్టేజి వీడియో మీరు చూసిన్రా సార్?"

"చూసిన."

"నవ్విన్రా?"

"అవ్," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "మంచిగైంది. అబద్ధం జెప్తరనుకున్న."

నాలుగింటికి పది నిమిషాలుండగా స్థలం ఖాళీ అయింది. నేను నడిచి చూశాను, ఒక్క కాగితం ముక్క కూడా లేదు. షూటింగు తర్వాత పంపాల్సిన నివేదికలో ఉల్లంఘనలు అనే గడి ఒకటుంటుంది. అందులో 'లేవు' అని రాశాను. రాసినవాడి పొరపాటు నమోదు చేయడానికి ఆ నమూనాలో గడి లేదు.

ఆ తర్వాత మిగిలిన నెలల్లో, పని ఎలా జరుగుతుందో వెళ్లి చూడకుండా నేను షరతు రాయలేదు. షరతు తప్పు రాసేది ఒకడు, దాన్ని మోసేది ఇంకొకరు. ఆ రోజు మోయగలిగిన మనిషి దొరికింది కాబట్టి పాట మిగిలింది. మోయలేక వెనక్కి పోయినవాళ్ల ఫైళ్లు నా చేతిమీదుగా ఎన్ని వెళ్లాయో నాకు తెలియదు. వాటన్నిటి మీదా నా చేతిరాత చక్కగానే ఉంటుంది.