ద్రాక్ష తీగకు మంచి కాలం

నాయన గుండె ఆపరేషన్ చేయించుకుని నెల్లూరు నుంచి ఉదయగిరి ఇంటికి వచ్చేసరికి ఎండలు మండిపోతున్నాయి. ఉద్యోగమంతా బస్సు నడిపిన మనిషి. బరువులెత్తకూడదు, ఎండలో తిరగకూడదని డాక్టరు చెప్పడంతో వసారాలో మంచం మీద కూర్చుని, రోడ్డున పోయే బస్సుల హారన్లు వింటూ ఉండేవాడు.

ఒకరోజు ఉన్నట్టుండి, "పెరట్లో ద్రాక్ష తీగ పెడదామమ్మా" అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. కాలం చూడకుండా నేను వెంటనే ఆత్మకూరు వెళ్ళి నర్సరీ నుంచి మొక్క తెచ్చాను. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాం. గోనెపట్టా కట్టి నీడ చేశాం. అయినా వడగాడ్పుకు ఆకులు అప్పడాల్లా ఎండి రాలిపోయాయి. పుల్ల మిగిలింది.

"ఇంకోటి తెచ్చెయ్. ఈసారి నీళ్ళు ఎక్కువ పోద్దాం" అన్నాడు.

మా పక్కింటామె పెరట్లో ద్రాక్ష పందిరి ఉంది. వాళ్ళింట్లో అందరూ చెక్క గరిటెలు చెక్కుతారు. ఒక కొమ్మ ఇమ్మని అడిగితే ఆమె ఇవ్వనంది. పైగా గోడ దగ్గరికి వచ్చి నాయనతోనే చెప్పింది.

"ఏందన్నా, ఈ ఎండల్లో పెడితే ఏ తీగ బతుకుతాది? వానలు పోయినాక, చలి ఉండంగానే పెట్టాల. మళ్ళీ ఎండలొచ్చేలోపల వేరు పట్టుకుంటాది."

"అంతవరకు నేనుండొద్దా?" అన్నాడు నాయన.

నవ్వుతూనే అన్నాడు. ఆయనకు అంత తొందర ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఆమె తడుముకోలేదు. "ఉండకుండా యాడికి పోతావు? తీగ ఇస్తే ఎక్కడ పాకాల? ముందు పందిరి సంగతి చూడు."

మర్నాటి నుంచి నాయన పెరట్లో కుర్చీ వేయించుకున్నాడు. ఏ మూలకు ఎంతసేపు ఎండ పడుతుందో చూస్తూ కుర్చీ జరుపుకునేవాడు. కూలీ చేత పందిరికి రాతి కూసాలు పాతించి, వాటి మీద ఇనుప తీగలు లాగించాడు. వానలు మొదలయ్యాక, తాను గుంత తీయించాలనుకున్న చోట మడుగు కట్టింది. "ఇక్కడ పెట్టుంటే కుళ్ళిపోయుండేది" అని, గుంతను మెరక వైపు తీయించాడు. ఈలోగా డాక్టరు నడవమన్నాడు. నాయన మెల్లగా బస్టాండు దాకా వెళ్ళి, పాత స్నేహితులతో టీ తాగి వచ్చేవాడు.

వానలు వెనకబట్టాక పక్కింటామె తన తీగ కొమ్మలు కత్తిరించి, మట్టి నింపిన కవర్లలో గుచ్చి వాళ్ళ వసారాలో పెట్టింది. మాఘమాసంలో, తెల్లవారితే ఇంకా దుప్పటి వదలబుద్ధి కాని రోజుల్లో, అందులో ఒకటి తెచ్చి ఇచ్చింది. నాయనే వంగి గుంతలో నిలబెట్టాడు. నేల చెమ్మ ఆరకుండా ఆమె చుట్టూ చెక్క పొట్టు పరిచింది.

శివరాత్రికి లేత ఆకు విప్పుకుంది. ఎండాకాలంలో వాడింది గానీ చావలేదు. మరుసటేడు పందిరెక్కింది. ఆ పైయేడు కాసింది.

పండేదాకా ఆగలేక నాయన ఒక కాయ తెంపి నోట్లో వేసుకున్నాడు. పులుపుకు ముఖమంతా ముడుచుకుపోయింది. గోడవతల ఆమె పడీపడీ నవ్వింది.

"ఎట్టుండాదన్నా?"

"బాగుండాది" అని, కళ్ళు మూసుకునే ఇంకోటి తెంపాడు.