సరంగు తాతయ్య గుండెకు చార్జింగు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, తనకు అన్నీ తెలుసునని మనిషి నమ్మే రోజులు ఎవరికైనా ఒకసారే వస్తాయి. నాకవి తెనాలిలో వచ్చాయి. ఫిజియోథెరపీ చదువు అయిపోగానే అక్కడొక చిన్న క్లినిక్‌లో చేరి, బాపట్ల నుంచి రోజూ రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. తెల్లకోటు సంచిలో పెట్టుకుని వెళ్ళొచ్చు కదా, లేదు, బాపట్ల స్టేషన్లోనే తొడుక్కునేదాన్ని (డాక్టరమ్మ అనుకుంటారని నా ఆశ, ఒక పెద్దాయన మాత్రం టికెట్ కలెక్టర్ననుకుని జేబులో టికెట్ కోసం తెగ వెతుక్కున్నాడు). మా దగ్గర ఎక్కువగా జరిగే వైద్యాన్ని జనం ‘కరెంటు పెట్టించుకోవడం’ అనేవారు. అరచేతంత మిషను, దానికి వైర్లు, వైర్ల చివర అంటుకునే ప్యాడ్లు. నొప్పి ఉన్నచోట ప్యాడ్లు అంటించి నాబ్ తిప్పితే సన్నటి కరెంటు జిల్లుమని నరాల్లోకి పోయి నొప్పిని కాసేపు మరిపిస్తుంది. తెనాలి దాకా రాలేనివాళ్ళ ఇంటికి మా సార్ నన్ను పంపి, మిషను కొన్నాళ్ళు వాళ్ళ దగ్గరే ఉంచి, వాడే పద్ధతి నేర్పి రమ్మనేవారు.

అలా వెళ్ళినదే రేపల్లెలో సరంగు తాతయ్య ఇల్లు. సరంగు అంటే సముద్రం మీద బోటు నడిపే పెద్ద. నేను వెళ్ళింది ఆయన కోసం కాదు, ఆయన భార్య నడుము కోసం. ఏళ్ళ తరబడి చేపల గంప మోసిన నడుము అది. మామ్మను బోర్లా పడుకోబెట్టి, చదువుకున్నదంతా కళ్ళముందు పెట్టుకుని ప్రశ్నలడిగాను. “గుండెజబ్బేమైనా ఉందా మామ్మా? గుండెకి బ్యాటరీ, అదే పేస్‌మేకర్, గానీ పెట్టారా?” “నాకేం లేదమ్మా, నా గుండె రాయి,” అంది మామ్మ. గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న తాతయ్య తలెత్తి, “బ్యాటరీ ఉంటే ఏమవుద్దమ్మా?” అని అడిగాడు. నా చదువు మీద ఆసక్తి చూపిన మొదటి మనిషి ఆయనే. పొంగిపోయి, “ఈ కరెంటు ఆ బ్యాటరీ దాకా వెళ్తుందండి తాతయ్యగారూ,” అన్నాను. మంచిది కాదు అనే మాట కూడా చెప్పబోయాను గానీ, ఈలోగా మామ్మ “జిల్లుమంటందే” అని నవ్వడంతో అటు తిరిగాను. తాతయ్య మళ్ళీ వల మీదికి వంగాడు. మామ్మకు నాబ్ తిప్పడం నేర్పి, మిషను అక్కడే ఉంచి, తెనాలి వెళ్ళే రైలెక్కాను.

రైలు భట్టిప్రోలులో ఆగేసరికి మామ్మ ఫోన్ చేసింది. “అమ్మాయీ, ఈయన నీ మిషను ఇవ్వమని ఒకటే గొడవ. బ్యాటరీకి చార్జింగు పెట్టుకుంటాడంట.” “ఏ బ్యాటరీ మామ్మా?” “ఇంకే బ్యాటరీ, గుండెల్లోది. పోయినేడు గుంటూరులో పెట్టారుగా. రేపట్నించి చేపల వేట మొదలు, మీరెళ్ళొద్దని కొడుకులంటన్నారు. బోటు బ్యాటరీకి చార్జింగు పెట్టకుండా ఎవడన్నా సముద్రంలోకి పోతాడా, దీనిక్కూడా పెట్టుకునే పోతానంటాడు.” “మామ్మా, ఇవ్వొద్దు,” అనేలోపే లైను తెగింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. కదలబోతున్న రైల్లోంచి ఎలా దిగానో నాకిప్పటికీ గుర్తులేదు.

స్టేషన్ బయట ఒక్కటే ఆటో ఉంది. “బాబాయ్, రేపల్లె పోనివ్వండి, గుండె కేసు,” అన్నాను ఆయాసంతో. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చెమటలు, వణుకు, పాలిపోయిన ముఖం. ఏ కేసో ఆయనకు అర్థమైపోయింది. సీటు మీద తువ్వాలు పరిచి, “పడుకో తల్లీ, మాట్లాడమాక,” అన్నాడు. నాక్కాదండి అని చెబుతుంటే, “అందరూ అట్టాగే అంటారు. మా బామ్మర్దీ అట్టాగే అన్నాడు,” అని నెమ్మదిగా కదిలించాడు. గుంత వస్తే ఆటో ఆపినంత పని చేసి, చక్రం కిందికి దించి, మళ్ళీ పైకి ఎక్కించేవాడు, నా గుండె కుదుపుకు ఆగిపోకూడదని. త్వరగా పోనివ్వమని నేను ఎంత బతిమాలితే ఆయనంత మెల్లగా పోయేవాడు. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను, అటు మోగుతూనే ఉంది. ఆ మోగినంతసేపూ నాకొకటే దృశ్యం. తాతయ్య రొమ్మున నేనిచ్చిన ప్యాడ్లు, పక్కన ఏడుస్తున్న మామ్మ. నాకు ఏడుపొచ్చింది. అద్దంలో అది చూసి బాబాయ్ ఇంకాస్త వేగం తగ్గించాడు.

ఇంట్లోకి పరిగెత్తేసరికి తాతయ్య చొక్కా విప్పి కుర్చీలో కూర్చున్నాడు. రొమ్ముకి అటొకటి ఇటొకటి ప్యాడ్లు. మామ్మ వేళ్ళు నాబ్ మీద ఉన్నాయి. వైర్లు ఒక్క గుంజు గుంజి, మిషను లాక్కున్నాను. “ఇందాక పెట్టానమ్మా, కళ్ళు తిరుగుతున్నాయంటే ఆపేశాను,” అంది మామ్మ, తప్పు చేసినట్టు. తాతయ్యకేమీ బెరుకు లేదు. “కొత్తగా కరెంటు తగిలితే బోటు లైటు కూడా ముందోసారి మినుకుమంటది, ఆనక నిలకడవుద్ది. అందుకే మళ్ళీ పెట్టమన్నాను,” అన్నాడు. నేను కుర్చీ ముందు నేల మీద కూర్చుని చెప్పాను. “దానికి చార్జింగుండదు తాతయ్యా. అది మీ గుండె కొట్టుకుంటుందా లేదా అని వింటూ ఉంటుంది. ఆగితే తనే కొట్టిస్తుంది. ఈ కరెంటు తగిలితే గుండే కొట్టుకుంటుందనుకుని ఊరుకుంటుంది.” ఆయన, “అంటే పక్క బోటు ఇంజను చప్పుడు విని, మన ఇంజనే నడుస్తందనుకుని సరంగు నిద్రపోయినట్టు,” అన్నాడు. నా నాలుగేళ్ళ చదువులో ఎవరూ అంత బాగా చెప్పలేదు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. “బ్యాటరీ పెట్టినకాడ్నించి రోజూ పొద్దున్నే లేచి, ఇయ్యాళ ఎంత మిగిలిందో అనుకుంటన్నానమ్మా. ఎవుర్నడగాలో తెలీలా.” ఏడాదిగా ఆ మనిషి తన గుండె తరిగిపోతోందనుకుంటూ, ఎవరికీ చెప్పకుండా వల అల్లుకుంటూ కూర్చున్నాడు.

బ్యాటరీ ఒకసారి చూపించాలని అదే ఆటోలో తెనాలిలో గుండె డాక్టరు దగ్గరికి బయల్దేరాం. ఆటో బాబాయ్ తాతయ్యను చూసి, “నువ్వు తోడొస్తన్నావా తాతా, మంచిది. పిల్ల బాగా భయపడింది,” అన్నాడు. నాడి చూద్దామని దారిలో తాతయ్య మణికట్టు పట్టుకున్నాను. గడియారంలా నిలకడగా ఉంది. ఆయన చెయ్యి తిప్పి నా మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. “దడదడలాడతందమ్మా. ముందు నీకు పెట్టించుకో బ్యాటరీ,” అన్నాడు. డాక్టరు చూసి, అంతా సరిగ్గా ఉందని, ఇంకా చాలా ఏళ్ళు తిరుగులేదని, బోటు పని మాత్రం కొడుకులకు వదిలెయ్యమని చెప్పారు. తాతయ్య మొదటి రెండు మాటలే విన్నట్టు ఇంటికెళ్ళాడు.

ఇప్పుడు బాపట్లలో నాకంటూ ఒక గది, రెండు మంచాలు ఉన్నాయి. మిషను ఇంటికి పంపేటప్పుడు రోగిని ఒక్కరినే కాదు, వెంట వచ్చినవాళ్ళందరినీ నిలబెట్టి అడుగుతాను, ఇంట్లో ఎవరికైనా బ్యాటరీ ఉందా అని. (“ఇన్వర్టరుదుందండి” అనేవాళ్ళే ఎక్కువ.) ఉన్నవాళ్ళెవరైనా దొరికితే, దానికి చార్జింగు అక్కర్లేదని వాళ్ళు అడగకముందే చెబుతాను. కొందరు నవ్వుతారు. కొందరు మాత్రం పెద్దగా ఊపిరి వదులుతారు. అప్పుడు నాకు తువ్వాలు పరిచిన సీటు మీద, తెల్లకోటుతో ముడుచుకు పడుకుని ఏడుస్తూ పోయిన ఆ పిల్ల గుర్తొస్తుంది. ఆటో బాబాయ్ అనుకున్నదే నిజమేమో, ఆ రోజు గుండె కేసు నేనే.